ఒకే సర్క్యూట్, వేర్వేరు నాదాలు: పాత వాల్వు యాంప్‌లకు ప్రాంతీయత ఎలా వచ్చింది

ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకునేవారి ఫోన్లలో ఇప్పుడు యాంప్లిఫయర్లను అనుకరించే యాప్‌లు ఉంటున్నాయి. వాటిలో ‘అమెరికన్’ అని ఒక మీట, ‘బ్రిటిష్’ అని ఇంకో మీట కనిపిస్తాయి. మొదటిది నొక్కితే తీగ మోత తేటగా వినిపిస్తుంది. మంద్రం నిండుగా, తారం తళతళలాడుతూ ఉంటుంది. రెండోది నొక్కితే మధ్యస్థాయి ముందుకొస్తుంది, గట్టిగా మీటితే స్వరం చిట్లి గరగరమంటుంది. అమెరికా వాళ్లకు తేటదనం ఇష్టమనీ, ఇంగ్లండు వాళ్లకు గరుకుదనం ఇష్టమనీ దీన్నిబట్టి చాలామంది తేల్చేస్తారు.

ఈ వివరణతో నాకు ఏకీభావం లేదు. 1940ల చివరి నుంచి 1970ల దాకా తయారైన వాల్వు (గాజు గొట్టంలో కరెంటును నియంత్రించే పాత తరం ఎలక్ట్రానిక్ భాగం) యాంప్‌లను విప్పి చూస్తే అందులో జాతి అభిరుచుల కంటే సరుకు లభ్యతే ఎక్కువగా కనిపిస్తుంది. దగ్గరలో ఏ వాల్వు చవగ్గా దొరికింది, ట్రాన్స్‌ఫార్మర్ ఎవరు చుట్టారు, స్పీకరు ఎక్కడి నుంచి వచ్చింది, విదేశీ సరుకు మీద ప్రభుత్వం ఏ ఆంక్ష పెట్టింది అన్నవే అసలు ప్రశ్నలు. నాదం వాటి వెంట వచ్చింది. వినేవాళ్లకు అది నచ్చాక దానికి దేశం పేరు పెట్టారు.

ముందుగా యాంప్ లోపలి పని క్లుప్తంగా చూద్దాం. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే గిటార్ పికప్ నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనంగా ఉంటుంది. దాన్ని ప్రీయాంప్ వాల్వులు పెంచుతాయి. టోన్ నియంత్రణలు మంద్ర, మధ్య, తార స్థాయిల పాళ్లు మారుస్తాయి. పవర్ వాల్వులు దానికి బలమిస్తాయి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఆ బలాన్ని స్పీకరుకు అందిస్తుంది. పాటలు వినే హైఫై యాంప్ ఉన్నది ఉన్నట్టు వినిపించాలి. గిటార్ యాంప్‌కు ఆ నియమం లేదు, అది వాయిద్యంలో సగభాగం. వాల్వు తన హద్దు దాటి సంకేతాన్ని వంచడం, ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము నిండిపోవడం, స్పీకరు కాగితం కంపించే తీరు, ఇవన్నీ నాదంలో కలిసిపోతాయి. అందుకే ఒక్క విడిభాగం మారినా చెవికి తెలుస్తుంది.

ఫెండర్ కంపెనీ స్థాపకుడు లియో ఫెండర్ మొదట కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు దుకాణం నడిపేవాడు. ఆయన తొలి యాంప్‌లలో రేడియో మెకానిక్ చేయి స్పష్టంగా కనిపిస్తుంది. సర్క్యూట్లు చాలావరకు అప్పటికే అందరికీ తెలిసినవి. ఫెండర్ యాంప్‌ల లోపల అతికించిన వాల్వుల పట్టిక మీద వెస్ట్రన్ ఎలక్ట్రిక్, ఏటీ అండ్ టీ కంపెనీల పేటెంట్లకు లైసెన్సు పొందినట్టు అచ్చువేసి ఉండేది. పవర్ వాల్వులుగా 6ఎల్6, 6వీ6 వాడాడు. 6ఎల్6ను ఆర్‌సీఏ కంపెనీ 1936లో విడుదల చేసింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి అమెరికాలో ఈ రకాలు ఎక్కడపడితే అక్కడ దొరికేవి. స్పీకర్లు షికాగోకు చెందిన జెన్సెన్‌వి, ట్రాన్స్‌ఫార్మర్లు చాలావరకు కాలిఫోర్నియాలోనే ఉన్న ట్రయాడ్‌వి. ఏ పార్టు విఫలమైనా ఇంకో ఊళ్లోని మెకానిక్ కూడా మార్చగలిగేలా యాంప్ ఉండాలని ఆయన ఆలోచన. నాణ్యత అంటే ఆయనకు అది.

1950ల చివర్లో ఫెండర్ తయారు చేసిన బాస్‌మ్యాన్ యాంప్‌లో 5ఎఫ్6-ఏ అనే సర్క్యూట్ ఉంది. బాస్ గిటార్ కోసం చేసిన యాంప్ అది. కానీ మామూలు గిటార్ వాయించేవాళ్లు దాన్ని వదల్లేదు. అందులో రెండు 5881 పవర్ వాల్వులు ఉంటాయి, ఇవి 6ఎల్6 కుటుంబంలోని దృఢమైన రకం. వెనుక భాగం తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు 10 అంగుళాల జెన్సెన్ స్పీకర్లు బిగించారు. తర్వాతి కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఈ వివరాలు గుర్తుంచుకోవాలి.

యుద్ధం తర్వాత బ్రిటన్‌కు డాలర్ల కొరత వచ్చింది. 1950ల్లో చాలాకాలం అమెరికన్ వాయిద్యాల దిగుమతి మీద ఆంక్షలు ఉన్నాయి. 1959లో వాటిని ఎత్తివేశాక కూడా ఫెండర్ యాంప్ ధర లండన్ కుర్రాళ్లకు అందుబాటులో లేదు. పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో 1960లో జిమ్ మార్షల్ డ్రమ్ముల దుకాణం తెరిచాడు. ఆయన స్వయంగా డ్రమ్ముల కళాకారుడు, గురువు కూడా. దుకాణానికి వచ్చే గిటారిస్టులు తమకు నప్పే యాంప్ ఎక్కడా దొరకడం లేదని వాపోయేవారు. తర్వాత పేరుపొందిన రాక్ గిటారిస్టులు పీట్ టౌన్‌షెండ్, రిచీ బ్లాక్‌మోర్ ఆ వచ్చిపోయేవాళ్లలో ఉన్నారు. రిపేర్లు చూసే కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనే కుర్రవాడు మార్షల్‌తో కలిసి బాస్‌మ్యాన్‌ను ముందు పెట్టుకుని అదే సర్క్యూట్ మీద కొత్త యాంప్ కట్టారు. 1962లో మొదలైన ఈ ప్రయత్నమే జేటీఎం45. ఆ పేరులో జిమ్, ఆయన కొడుకు టెర్రీ, మార్షల్ అనే ఇంటిపేరు ఉన్నాయి.

సర్క్యూట్ దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఫెండర్‌దే. అయినా మోత వేరుగా వచ్చింది. ఎందుకో ఒక్కొక్క భాగం దగ్గర ఆగి చూడాలి, ఎందుకంటే ‘బ్రిటిష్ సౌండ్’ పుట్టింది ఈ చిన్న తేడాల్లోనే.

సంకేతం తాకే మొదటి వాల్వు బాస్‌మ్యాన్‌లో 12ఏవై7. మార్షల్ బృందం ఆ స్థానంలో ఈసీసీ83 పెట్టింది. అమెరికాలో దాని పేరు 12ఏఎక్స్7. 12ఏవై7 వృద్ధి గుణకం 44, ఈసీసీ83 గుణకం 100. సర్క్యూట్‌లో కూర్చున్నాక తేడా అంత పూర్తిగా బయటపడదు, కానీ తర్వాతి దశలకు చేరే సంకేతం చెప్పుకోదగ్గంత పెరుగుతుంది. అంటే వాల్యూమ్ మీట అంతే తిప్పినా మార్షల్ ముందుగా చిట్లుతుంది.

పవర్ వాల్వులు తొలి యాంప్‌లలో 5881లే. త్వరలోనే బ్రిటన్‌లో తయారయ్యే కేటీ66లు వచ్చాయి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మొదట్లో రేడియోస్పేర్స్ అనే విడిభాగాల సంస్థ జాబితాలోంచి తెచ్చింది. గిటార్ కోసం ప్రత్యేకంగా చుట్టింది కాదు. ఆ తర్వాత డ్రేక్ సంస్థ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చాయి.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది నెగటివ్ ఫీడ్‌బ్యాక్. స్పీకరుకు వెళ్లే సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తీసుకొచ్చి తలకిందులుగా కలిపితే యాంప్ తన తప్పులను తానే సరిదిద్దుకుంటుంది. స్వరం తేటపడుతుంది, బిగువుగా ఉంటుంది. బాస్‌మ్యాన్‌లో నాలుగు 8 ఓముల స్పీకర్లను సమాంతరంగా కలపడం వల్ల మొత్తం 2 ఓములే. అక్కడి నుంచి 27 కిలో ఓముల రెసిస్టర్ గుండా ఫీడ్‌బ్యాక్ వెనక్కి వెళుతుంది. తొలి మార్షల్‌లోనూ అదే 27 కిలో ఓములు, కానీ అది తగిలించింది 16 ఓముల చివరకు. ఒకే వాటేజీ దగ్గర 16 ఓముల చివరలో ఉండే వోల్టేజీ 2 ఓముల చివరలో కంటే సుమారు 2.8 రెట్లు ఎక్కువ. అంటే రెసిస్టర్ విలువ మారకుండానే వెనక్కి వచ్చే సంకేతం అన్ని రెట్లు పెరిగింది. ఫలితంగా జేటీఎం45 కొంతదూరం దాకా బిగువుగా నిలబడుతుంది, హద్దు దాటగానే ఒక్కసారిగా చిట్లుతుంది. బాస్‌మ్యాన్ అంచెలంచెలుగా కరుగుతుంది. నకలు తీసిన కాగితం మీద ఈ తేడా కనిపించదు. తీగ ఏ చివరకు తగిలించారో చూస్తేనే తెలుస్తుంది.

ఇక స్పీకర్లు. ఇంగ్లండులో దగ్గరగా దొరికింది సెలెషన్ కంపెనీ 12 అంగుళాల స్పీకరు. అప్పట్లో వాటి సామర్థ్యం తక్కువ. రెండింటితో ప్రయత్నిస్తే అవి కాలిపోయేవి. అందుకని నాలుగింటిని ఒకే పెట్టెలో అమర్చి వెనుక భాగం మూసేశారు. వెనుక తెరిచి ఉన్న పెట్టెలో ధ్వని గదంతా పరుచుకుంటుంది. మూసిన పెట్టెలో మంద్రం గుద్దినట్టు ముందుకొస్తుంది. సెలెషన్ కాగితపు శంకువు జెన్సెన్‌లా మెరవదు, మధ్యస్థాయిని ఎత్తి చూపిస్తుంది. ఇప్పుడు మనం బ్రిటిష్ మధ్యస్థాయి అంటున్న గుణంలో సగానికి పైగా ఈ స్పీకరుదే అని నా నమ్మకం. యాంప్ గురించి పుటలకు పుటలు రాసేవారు స్పీకరును రెండు వాక్యాల్లో దాటేయడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది.

1966 తర్వాత మార్షల్ కేటీ66లను వదిలి ఈఎల్34లకు మారింది. ఈఎల్34 ఫిలిప్స్ కుటుంబం నుంచి వచ్చిన యూరోపియన్ వాల్వు. బ్రిటన్‌లో ఆ కుటుంబపు కంపెనీ ముల్లార్డ్‌కు లాంకషైర్‌లోని బ్లాక్‌బర్న్‌లో పెద్ద కర్మాగారం ఉండేది. టోన్ సర్క్యూట్‌లో ఒక రెసిస్టర్‌ను 56 నుంచి 33 కిలో ఓములకు తగ్గించారు, ట్రెబుల్ కెపాసిటర్‌ను 250 నుంచి 500 పికోఫారడ్లకు పెంచారు. ఈ రెండు మార్పులూ మధ్యస్థాయికి మరింత ఊతమిచ్చాయి. బాస్‌మ్యాన్ పోలిక ఇంకా ఉంది, కానీ వినడానికి అది ఇప్పుడు పూర్తిగా మరో వాయిద్యం.

వాక్స్ అనే మరో బ్రిటిష్ యాంప్‌ల దారి వేరు. కెంట్‌లోని డార్ట్‌ఫర్డ్‌లో టామ్ జెన్నింగ్స్ కంపెనీకి డిక్ డెన్నీ అనే గిటారిస్టు రూపొందించిన ఏసీ15 1958లో వచ్చింది. షాడోస్ అనే బ్రిటిష్ గిటార్ బృందానికి అంతకంటే పెద్ద మోత కావాల్సి వచ్చింది. దాన్ని రెట్టింపు చేస్తే ఏసీ30 అయింది. ఇందులో ఫెండర్ నకలు లేదు. పవర్ వాల్వులు నాలుగు ఈఎల్84లు. నిజానికి ఈఎల్84 ఇళ్లలోని రేడియోలకూ గ్రామఫోన్లకూ ఉద్దేశించిన చిన్న వాల్వు. మన పెద్దల కాలపు ఫిలిప్స్ రేడియోల్లో కూడా అది ఉండేది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా దాన్ని తయారు చేసింది. ఆ ముద్ర ఉన్న వాల్వులను ఇప్పటికీ సేకరణకర్తలు వెతుక్కుంటారు. వార్తలు వినిపించడానికి ఒక్కటి చాలిన ఆ వాల్వును నాలుగింటిని కలిపి, వాటి హద్దుల దాకా తోసి, బీటిల్స్ వేదిక మీదికి ఎక్కించారు.

ఏసీ30ని క్లాస్ ఏ (పవర్ వాల్వులన్నీ ఎడతెగకుండా కరెంటు పంపే) యాంప్ అని దశాబ్దాలుగా రాస్తున్నారు. కానీ పూర్తి శక్తితో మోగేటప్పుడు అది క్లాస్ ఏబీలోనే, అంటే వాల్వులు వంతులవారీగా కాసేపు ఆగే పద్ధతిలోనే, పనిచేస్తుంది. దాని గుణానికి కారణాలు రెండు. పవర్ వాల్వులు కేథోడ్ బయాస్ (తమ గుండా పోయే కరెంటుతోనే తమ పని స్థాయిని సరిచేసుకునే) పద్ధతిలో నడుస్తాయి, కాబట్టి గట్టిగా మీటినప్పుడు యాంప్ కాస్త అణిగి మళ్లీ లేస్తుంది. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అసలు లేదు, కాబట్టి దిద్దుబాటు లేని ముడి నాదం వినిపిస్తుంది. దానికి ఆల్నికో అనే మిశ్రలోహపు అయస్కాంతాలున్న నీలిరంగు సెలెషన్ స్పీకర్లు తోడయ్యాయి. తార స్థాయి చాలలేదని వాయించేవాళ్లు అడిగితే టాప్ బూస్ట్ అనే అదనపు సర్క్యూట్‌ను మొదట్లో వెనుక పలక మీద బిగించి ఇచ్చారు. గలగలమనే ఆ తీగల మోత అక్కడి నుంచి వచ్చింది.

కేథోడ్ బయాస్, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లేకపోవడం అనే ఈ రెండు లక్షణాలూ ఫెండర్ 1950ల్లో చేసిన చిన్న డీలక్స్ యాంప్‌లోనూ ఉన్నాయి. 5ఈ3 అనే ఆ సర్క్యూట్‌లో రెండు 6వీ6లు మాత్రమే. వాల్యూమ్ సగం దాటకముందే అది గరగరమంటుంది. రాక్ గాయకుడు, గిటారిస్టు నీల్ యంగ్ దశాబ్దాలుగా వాడుతున్నది దాన్నే. అది నూటికి నూరుపాళ్లు అమెరికన్ యాంప్, కానీ యాప్‌లోని అమెరికన్ మీట నొక్కితే వచ్చే తేటదనం దానిలో వెతికినా దొరకదు. ఆ తేటదనం ప్రధానంగా ఫెండర్ 1963 తర్వాత తెచ్చిన నల్ల పలకల యాంప్‌లది. వాటిలో టోన్ నియంత్రణలను మొదటి దశ తర్వాతికి జరిపారు, మధ్యస్థాయి లోతుకు దిగింది, ఫీడ్‌బ్యాక్ స్థిరపడింది. 1965 జనవరిలో ఫెండర్ కంపెనీ అమెరికన్ ప్రసార సంస్థ సీబీఎస్ చేతికి వెళ్లింది. అంటే అమెరికా అంతటికీ అంటగట్టిన ఆ స్వరం ఒకే కంపెనీ కొద్ది సంవత్సరాల పాటు చేసిన యాంప్‌లది.

అమెరికా లోపల కూడా ఒకే స్వరం లేదు. న్యూజెర్సీలోని యాంపెగ్‌ను స్థాపించిన ఎవరెట్ హల్ జాజ్ బాస్ కళాకారుడు. స్వరం చిట్లడం ఆయనకు గిట్టదు. కాలిఫోర్నియాలోనే ఉన్న మ్యాగ్నటోన్ స్వరస్థాయినే ఊపే అసలైన వైబ్రేటో సర్క్యూట్ చేసింది. షికాగోలోని వాల్కో ఒకే యాంప్‌ను సుప్రో, ఎయిర్‌లైన్ లాంటి రకరకాల పేర్లతో చవగ్గా అమ్మేది. బ్రిటన్‌లో చూస్తే డేవ్ రీవ్స్ చేసిన హైవాట్ యాంప్‌లు పార్ట్రిడ్జ్ ట్రాన్స్‌ఫార్మర్లతో, చక్కగా కట్టిన తీగలతో, ఎంత పెంచినా చిట్లకుండా నిలబడే రకం. టౌన్‌షెండ్, పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ వాడినవి అవే. నాలుగు ఈఎల్34లు ఉన్నా వాటిది తేటదనమే. వాల్వు పేరు చూసి స్వరాన్ని ఊహించడం ఎంత తప్పో చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

సరుకు లభ్యతే ప్రధానం అనే నా వాదనకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం టొరంటోలో ఉంది. మార్షల్‌కు సమాంతరంగా 1960ల మొదట్లోనే పీట్ ట్రేనర్ అనే టెక్నీషియన్ అక్కడ వైబీఏ-1 బాస్ మాస్టర్ అనే యాంప్ చేశాడు. దాని మూలమూ బాస్‌మ్యానే. కానీ ట్రాన్స్‌ఫార్మర్లు కెనడా కంపెనీ హామండ్‌వి, స్పీకర్లు ఒంటారియోలోని మార్స్‌లాండ్‌వి. పవర్ వాల్వులు తర్వాతి కాలంలో ఈఎల్34లయ్యాయి. ఫుల్లర్టన్, హాన్‌వెల్, టొరంటో మూడూ ఒకే తల్లి సర్క్యూట్‌తో మొదలై మూడు నాదాలకు చేరాయి. కెనడా సౌండ్ అనే మీట మాత్రం ఏ యాప్‌లోనూ పేరుపడలేదు. కెనడా బృందాలు ప్రపంచమంతా మారుమోగి ఉంటే అదీ ఉండేదేమో!

సరుకు సరిహద్దు దాటితే స్వరం మారడం కూడా జరిగింది. 1970ల్లో అమెరికాలో మార్షల్‌లను పంపిణీ చేసిన యూనికార్డ్, ఈఎల్34లు ప్రయాణంలోనూ వాడకంలోనూ ఇబ్బంది పెడుతున్నాయని వాటి స్థానంలో 6550లు పెట్టించింది. 6550 పెద్దది, దృఢమైనది, ఆలస్యంగా చిట్లుతుంది. కాబట్టి అదే పేరు, అదే పెట్టె ఉన్న మార్షల్ అమెరికాలో ఒకలా, ఇంగ్లండులో మరోలా మోగింది. వాక్స్ విషయంలో ఇది ఇంకా దూరం వెళ్లింది. కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ కంపెనీ వాక్స్ పేరుతో ట్రాన్సిస్టర్ యాంప్‌లు తయారు చేసి అమ్మింది. ఇంగ్లండు ఏసీ30తో వాటికి ఏ పోలికా లేదు. బీటిల్స్ మోజులో వాక్స్ కొనుక్కున్న అమెరికన్ కుర్రాళ్లలో ఎందరు ఈ తేడా తెలియక నిరాశపడ్డారో!

మిగతా దేశాల్లోనూ ఇదే సూత్రం. ఆస్ట్రేలియాలో సిడ్నీలో వాల్వులు, మెల్‌బోర్న్‌లో రోలా స్పీకర్లు తయారయ్యేవి, అక్కడి యాంప్‌లు వాటి మీద నడిచాయి. పశ్చిమ జర్మనీలో డైనాకార్డ్, ఎకోలెట్ నృత్యశాలల బృందాల కోసం పాటకూ గిటార్‌కూ కలిపి పనికొచ్చేలా చేసినవి కాబట్టి వాటి స్వరం మరింత తేటగా ఉంటుంది. చెకోస్లొవేకియా టెస్లాకు వాల్వులూ తనవే, యాంప్‌లూ తనవే.

మన దగ్గర ఈ కథకు ఆచరణలో ఒక ముఖ్యమైన కొస ఉంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు తిరిగి వస్తూ పాత ఫెండర్ లాంటివి తెచ్చుకోవడం కొత్త కాదు. అక్కడి సరఫరా సుమారు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే వోల్టుల సమస్య తీరుతుంది, హెర్ట్జ్ సమస్య తీరదు. 60 హెర్ట్జ్‌కు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ను అదే వోల్టేజీతో 50 హెర్ట్జ్ మీద నడిపితే ఇనుములో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరిగి అది ఎక్కువగా వేడెక్కుతుంది. గంటల తరబడి వాయించాలనుకుంటే 50 హెర్ట్జ్‌కు సరిపోయే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మార్పించడం మంచిది. పాతది పారేయకండి, భద్రంగా దాచండి, యాంప్ విలువలో అదీ భాగమే.

ఇంకొన్ని జాగ్రత్తలు ప్రాణానికి సంబంధించినవి. 1950, 60ల అమెరికన్ యాంప్‌లు చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది, ఎర్త్ ఉండదు. సరఫరా తీగకూ లోహపు చట్రానికీ మధ్య ఒక కెపాసిటర్ ఉంటుంది. అది చెడితే కరెంటు గిటార్ తీగల దాకా వస్తుంది. మూడు పిన్నుల తీగ వేయించి ఆ కెపాసిటర్‌ను తీయించాలి. అసలు పవర్ ట్రాన్స్‌ఫార్మరే లేకుండా సరఫరాను నేరుగా వాడుకునే చవక యాంప్‌లు కూడా ఆ కాలంలో వచ్చాయి. వాటిని సరఫరా తీగలతో నేరు సంబంధం తెంచే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఏ ప్లగ్గులోనూ పెట్టకూడదు. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు, కాబట్టి మూత విప్పే పని వాల్వు సెట్ల మీద చేయి తిరిగిన మెకానిక్‌కే వదలండి.

బ్రిటిష్ స్వరం కావాలనుకుని ఖరీదైన పాత వాల్వుల కోసం వెతికేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ దగ్గరున్న యాంప్‌ను ముందు సెలెషన్ రకం స్పీకర్లున్న మూసిన పెట్టెకు కలిపి వినండి, ఓములు సరిపోయాయో లేదో చూసుకుని. ఆ తర్వాత వాల్వుల సంగతి ఆలోచించవచ్చు.